పక్కింటి మిద్దె మీద ఎండ

మా మిద్దె ఎక్కితే పడమటి వైపు చూడడం మానేశాను. చిక్కబళ్ళాపురంలో మా వీధి ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి, చూడకూడదనుకున్నంత మాత్రాన కనబడకుండా పోదు. పక్కింటి పెరట్లో, మా గోడకు దగ్గరగా, మోకాలెత్తు మొద్దు ఒకటుంది. మొన్నటి వేసవి దాకా అది సంపంగి చెట్టు. దాన్ని కొట్టించింది మా ఇల్లే. ఎందుకో చెబితే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. వేరే ఇంట్లో జరిగి ఉంటే నేనూ నవ్వేదాన్నే, వీధి చివరిదాకా వెళ్ళి నలుగురికి చెప్పి మరీ నవ్వేదాన్ని.

మా ఆయన సోలార్ ప్లాంటులో ఇంజనీరు. బాగేపల్లి దాటి చాకవేలు వైపు వెళ్ళే దారిలో ఉంది ఆ ప్లాంటు. నేను చింతామణి తాలూకు కచేరీలో పనిచేస్తాను. ఆయన ఉత్తరానికి, నేను తూర్పుకు పొద్దున్నే బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాం. పగలంతా ఇంట్లో ఉండేది మా అత్త ఒక్కతే.

ప్లాంటు కొత్తలో ఒకసారి ఆయుధపూజకు నన్నూ తీసుకెళ్ళారు. ఒకప్పుడు వేరుశనగ వేసిన ఎర్ర నేల. కంటికి ఆనినంత మేరా నల్లటి పలకలు, అన్నీ దక్షిణానికి వాలి ఉన్నాయి. అంత ఎండలో అంత నిశ్శబ్దం నేనెక్కడా చూడలేదు. పొగ లేదు, తిరిగే చక్రం లేదు. ఎండ వేడికి కరెంటు పుడుతుందని అప్పటిదాకా నా నమ్మకం. అదే అంటే ఆయన నవ్వారు. వేడి కాదట, వెలుతురు. అది పలకలోని సిలికాన్ మీద పడితే లోపలి ఎలక్ట్రాన్లు కదులుతాయి, ఆ కదలికే కరెంటు. వేడి ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది కూడా. పలకల్లో పుట్టేది ఒకే దిక్కుకు పారే కరెంటు కాబట్టి, ఇన్వర్టరు అనే పెట్టె దాన్ని మన ఇళ్ళలో వాడుకునే కరెంటుగా మారుస్తుంది. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు దాని ఒత్తిడి పెంచి పెద్ద తీగలకు ఎక్కిస్తుంది. అక్కడినుంచి అది ఎవరింటి ఫ్యాను తిప్పుతుందో ఎవరికీ తెలియదు.

వరుసల మధ్య గడ్డి కోస్తున్న ఆడవాళ్ళను చూసి, మోకాలెత్తు గడ్డికి ఇంత హడావుడి ఎందుకని అడిగాను. పలకలను వరుసగా ఒకదానితో ఒకటి కట్టి ఉంటారట, కిటుకంతా అక్కడే ఉందట.

“చెరువు పనిలో మట్టి తట్టలు చేతులు మార్చుకుంటా వరసగా నిల్చుంటారు చూడు. నడాన ఒగడు కూలబడినాడనుకో, తక్కినోళ్ళు ఎంత గట్టోళ్ళయినా తట్ట ముందుకు పోదు. ఇదీ అంతే. ఒగ పలక మీద నీడ పడితే ఆ వరసంతా చచ్చుబడతాది,” అన్నారు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. కచేరీలో రెండు మూడుసార్లు నా సొంత తెలివిలా చెప్పుకున్నాను కూడా.

ఇంట్లో అన్నం దగ్గర కూడా ఆయనది ఇదే పురాణం. మా పుట్టిల్లు తొండేభావిలో. మా నాన్న పెరట్లో గోబర్ గ్యాస్ గుంత ఉండేది. పేడ, నీళ్ళు కలిపి పోస్తే రాత్రి పగలు అని లేకుండా పొయ్యి మండేది. ఆయన సోలార్ గొప్పలు పోయినప్పుడల్లా నేను మా పేడ గుంతను తెచ్చి ముందు పెట్టేదాన్ని. “మీ సూర్యుడు సాయంత్రానికి ఇంటికి పోతాడు, మా ఆవు పోదు,” అనేదాన్ని. ఆయన ఒప్పుకునేవారు. ఆవులున్నన్నాళ్ళే, పేడ కలిపే చేతులున్నన్నాళ్ళే అని చిన్నగా చేర్చేవారు. అదీ నిజమే. ఆవులు అమ్మేశాక మా పుట్టింట్లో ఆ గుంత మీద బట్టలుతుకుతున్నారు.

ఆంధ్ర సరిహద్దు దాటాక గుట్టల మీద కనబడే గాలిమరల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం ఈర్ష్య వినబడేది. ఆషాఢంలో మబ్బు కమ్మి ప్లాంటంతా దిగాలుగా ఉంటే, అవి మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయట. అయితే గాలి నిలిచిపోయిన నాడు అవి వట్టి స్తంభాలే. ఆనకట్ట కరెంటయితే అడిగినప్పుడు వస్తుంది, గేటెత్తితే చాలు. దానికి వాన పడాలి, ముందు కొన్ని ఊళ్ళు నీళ్ళలోకి పోవాలి. సోలారుకు నీళ్ళు అక్కర్లేదు, పలకలు కడగడానికి తప్ప. రాత్రికి దాచుకోవాలంటే మాత్రం పెద్ద పెద్ద బ్యాటరీలు కావాలి. “ఒగదానితో అయ్యే పని కాదు. ఒగటి పండుకుంటే ఇంగొకటి లేచి పనిచేయల్ల,” అనేవారు. ఇంత న్యాయంగా ఆలోచించే మనిషి మరి.

శివరాత్రి వెళ్ళాక మా మిద్దె మీదా పలకలు పెట్టించారు. వీధి వీధంతా చూడ్డానికొచ్చింది. ఆయన పిట్టగోడకు ఆనుకుని తట్టల కథ మళ్ళీ చెప్పారు. బొగ్గు కాల్చకుండా మన ఊరు మన కరెంటు చేసుకోవచ్చన్నారు. ఈ వేసవికి మీ ఇంట్లో ఎట్లా వస్తుందో చూసి మేమూ పెట్టిస్తామన్నారు అందరూ. మిద్దె మీద ఎండ పడే చోటంతా పలకలే అయ్యాయి. బట్టలెక్కడ ఆరేయాలని నేనడిగితే మెట్ల దగ్గర ఒక తీగ కట్టించారు. మా అత్తను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు.

చైత్రమాసం ఎండకు తారు కరుగుతోంది. మా కరెంటు మాత్రం రావాల్సినదాంట్లో సగం కూడా లేదు. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన ఫోను తెరిచి ఆ రోజు మొత్తం ఎంతో చూసుకోవడం, మొహం వేలాడేసుకోవడం. ఆదివారం ఆదివారం తెల్లారకముందే మిద్దెక్కి పలకలను దేవుడి పటాల్లా కడిగి తుడిచేవారు. ఆ రోజు కొంచెం ఎక్కువొస్తే కడిగిన ఫలితమే అనుకునేవారు. పెట్టినవాళ్ళను పిలిపించి చూపిస్తే అంతా సరిగానే ఉందన్నారు. వీధిలో వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారని నేనూ ఒకసారి ఎత్తిపొడిచాను. అనకుండా ఉండాల్సింది. ఆ సాయంత్రమే ఆయన పడమటికి తిరిగి, సంపంగి చెట్టును కింది నుంచి పైదాకా చూశారు.

ఆ చెట్టు పక్కింటి అక్కది. నాకంటే పెద్దామె. వీధి చివరి గుళ్ళో పూల సేవ వాళ్ళ ఇంటిది, తరాలుగా. శుక్రవారం స్వామికి ఆ చెట్టు సంపంగులే. గుడికి పంపాక మిగిలిన వాటిలో రెండు పూలు ఆకులో చుట్టి మా గోడ మీద పెట్టేది. నేను తల్లో పెట్టుకుని చింతామణి బస్సెక్కితే ముందు సీటు వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆమె నన్నేనాడూ దానికి బదులుగా ఏమీ అడగలేదు.

మా ఆయన ఫోను పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. సాయంత్రం పూట చెట్టు నీడ మా పలకల మీదికి ఎలా వస్తుందో, ఒక పలక మీద నీడ పడితే వరసంతా ఎలా చచ్చుబడుతుందో మొత్తం చెప్పారు. అక్క శ్రద్ధగా విన్నది.

“కొమ్మలు కొట్టిస్తే చాలదా అప్పా?”

“మళ్ళీ చిగురిస్తాది గదక్కా. వీధంతా మమ్మల్నే చూస్తాండారు. మాకు సరిగ్గా వస్తే అందరూ పెట్టిస్తారు. ఊరికి మేలు.”

ఆమె పెరటి వైపు చూసింది. “ఇంజనీరువి, నీకు తెలీదా. కొట్టించేస్తాంలే,” అంది.

ఆ మాటకు నేను అడ్డు చెప్పలేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది, నా మొగుడు ఎంత బాగా వివరించాడో అని లోలోపల మురిసిపోయాను.

చెట్టు కొట్టే ముందు సాయంత్రం దాని దగ్గర సెలవు అడగడం మా వైపు ఆచారం. పళ్ళెం నా చేతికిచ్చింది అక్క. మొదలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. “ఇన్నేండ్లు దేవునికి పూలిస్తివి తల్లీ. తప్పెంచుకోవద్దు. నీ మీద ఉండే పక్షులు, పురుగులు అంతా వేరే తావు చూసుకోండి,” అని మామూలు గొంతుతో, ఎవరితోనో మాట్లాడుతున్నట్టే చెప్పింది. తర్వాత అందినంత మేర మొగ్గలు కూడా వదలకుండా కోసింది. మర్నాడు మనుషులొచ్చి కొట్టేశారు. కూర్చోవడానికి ఉండనీయమని మొద్దు మాత్రం అక్క తీయనీయలేదు.

ఆ వారమే కరెంటు ఒక్కసారిగా లేచింది. మా ఆయన సంబరం చూడాలి. ఫోను పట్టుకుని వీధిలో ఇంటింటికీ తిరిగారు. అక్కకు కూడా చూపించారు. “నా చెట్టు ఊరికే పోలేదు గదమ్మా,” అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. గుళ్ళో కూడా ఆ మాటే చెప్పుకుందట. మా అత్త చెట్టు కొట్టిన మర్నాడే చింతామణిలో కూతురింటికి వెళ్ళింది. మామిడి పళ్ళ కాలం కదా, నెల దాటాక గాని తిరిగి రాలేదు.

ఆమె వచ్చాక కరెంటు మళ్ళీ పడిపోయింది. దుమ్మన్నారు, మబ్బన్నారు, ఆషాఢం వస్తే ఇంతే అన్నారు ఆయన. కానీ ఆ వారం ఆకాశంలో మబ్బు తునక లేదు. అప్పుడే నాకు జ్వరమొచ్చి కచేరీకి వెళ్ళలేదు. పొద్దు బాగా ఎక్కాక, కప్పుకున్న దుప్పటి ఎండలో వేద్దామని మెల్లగా మిద్దెక్కాను.

పలకల కింది అంచు పొడవునా మా అత్త పాత తెల్ల నూలు చీర పరిచి ఉంది. జారిపోకుండా కొసలను ఇనుప కాళ్ళకు గట్టిగా కట్టి ఉంది. దాని మీద వరసలు వరసలుగా సండిగలు. మా వైపు వడియాలను అలాగే అంటాం. ఇంకో పలక మీద మజ్జిగలో ఊరబెట్టిన మిరపకాయలు. పలకల కింద చల్లటి నీడలో మా అత్త, కాకులను తోలడానికి పుల్ల పట్టుకుని హాయిగా కూర్చుని ఉంది.

“వీటి మీద ఏంటికి పెట్నావత్తా?” అన్నాను.

“ఇంగ యాడ పెట్టల్ల? మిద్దె మీద ఎండ పడే తావంతా మీరు తీసేసుకొంటిరి,” అంది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పింది. “ఇదీ ఒగందుకు మేలే. గాజు మీద ఒగ పూటకే పటపటమని ఎండుతాయి. చీమ ఎక్కదు, మట్టి అంటదు. వాడు ఆదివారం కడిగి పెడతాండాడు గదా, నాకోసమే అనుకొంటి.”

“ఎప్పటినుంచి?”

“ఇవి పెట్టించినప్పటినుంచీ. సాయంత్రం చల్లగాలి తగలకుండా మీరొచ్చే లోపలే ఎత్తిపెట్టేస్తాను. ఆదివారం వాడు కడుగుతాంటాడని పెట్టను.”

డబ్బాల నిండా సండిగలు నేను చూస్తూనే ఉన్నాను, తింటూనే ఉన్నాను. అవి ఎక్కడ ఎండుతున్నాయని ఒక్కనాడూ అనుకోలేదు. మా అత్తను తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆమె ఎండను అడక్కుండా తీసుకున్నది మేము.

ఆయన రాగానే, ఫోనులో ఆ రోజు మొత్తం కాదు, ఏ వేళకు ఎంత కరెంటు వచ్చిందో చూపే గీత తెరవమన్నాను. ప్లాంటులో పూట పూటకూ ఆ గీతే చూసే మనిషి, ఇంట్లో మాత్రం చివరి అంకె చూసి ఫోను మూసేవారు. గీత పొద్దున లేచి, అత్త మిద్దెక్కే వేళకు గోతిలో పడుతుంది, ఆమె దిగాక కొంచెం లేస్తుంది. వెనక్కి వెళ్ళి చూస్తే చెట్టు ఉన్న రోజుల్లోనూ అదే గొయ్యి. చెట్టు నీడ పడేది పొద్దు వాలాక, అప్పటికి ఎండలో పస ఉండదు. ఆ పూట తగ్గింది కనబడీ కనబడనంత. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దేవుడికి పూలిచ్చే చెట్టు మీద పెట్టాం మా ఇంటి తెలివితక్కువతనం.

ఆయన మంచం మీద కూర్చుండిపోయారు. “అక్కకు చెప్పొద్దు,” అన్నారు. “చెప్తే చెట్టు తిరిగొస్తాదా? మేలు జరిగిందనుకొంటాండాది. అట్లే అనుకోనీ.”

నేను సరేనన్నాను. ఆమె బాధపడుతుందని కాదు, ఆమె మొహం చూడలేనని.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. గోడ అవతలినుంచి అక్క పలకరించేది. “కరెంటు బాగా వస్తాండాదా అమ్మా?” “వస్తాండాదక్కా,” అనేదాన్ని. అది నిజమే కావడం ఇంకా బాధ. సంగతి తెలిసి అత్త పలకల జోలికి పోవడం మానేసింది కాబట్టి కరెంటు ధారాళంగా వస్తోంది. వీధిలో వేరేవాళ్ళు కూడా పెట్టించుకోవడం మొదలుపెట్టారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు సంపంగి మాటెత్తినా నేను లేచి లోపలికి పోయేదాన్ని. మా అత్త మాత్రం, “అంత పని చేసి పెడ్తినా,” అని ఊరుకుంది. మెట్ల దగ్గర రెండడుగుల ఎండలో ఒక విడత సండిగలు పెట్టి చూసింది. పూర్తిగా ఎండక పులిసిపోతే తీసి పారేసింది. పిండి రుబ్బడం కూడా మానేసింది.

శ్రావణమాసంలో ఒక గురువారం సాయంత్రం నేను బస్సు దిగేసరికి అక్క పూల అంగడి దగ్గర నిలబడి ఉంది. మర్నాటి పూజకు పూలు కొంటోంది. సంపంగి ఒకటి తీసి వాసన చూసి, మళ్ళీ బుట్టలో పెట్టేసి, చామంతులు ఇమ్మంది. నన్ను చూసి నవ్వింది. అంతే, ఇక నావల్ల కాలేదు. ఇద్దరం కలిసి ఇంటిదాకా నడిచాం. ఆమె పెరట్లో, ఆ మొద్దు పక్కన నిలబడి, చీర పరచడం దగ్గర్నుంచి గీతలో గొయ్యి దాకా అంతా చెప్పేశాను. నీ చెట్టు తప్పేమీ లేదక్కా అన్నాను. ఏడుపొచ్చింది. ఏడవడానికీ సిగ్గేసింది, పోయింది నా చెట్టు కాదు కదా.

అక్క చామంతుల పొట్లం మొద్దు మీద పెట్టింది.

“సండిగలు పెట్టేది నేను రోజూ చూస్తానే ఉంటి గదమ్మా, మా మిద్దె మీద నుంచి,” అంది.

“మరి చెప్పలేదేంటికక్కా? నీడ పడితే చచ్చుబడతాదని ఆయన నీకు చెప్పిండె గదా.”

“ఇంజనీరుండే ఇల్లు. తెలీకుండా పెట్టింటారా అనుకొంటి. చెట్టు నీడకే నష్టమేమో, గుడ్డకు లేదేమోలే అనుకొంటి.”

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది. మా ఇంటి మీద ఉన్న నమ్మకంతో ఆమె తన కళ్ళను తానే నమ్మలేదు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఆమె పొట్లం చేతిలోకి తీసుకుంది. “ఇప్పుడు మీ అత్త యాడ పెట్టుకొంటాండాది?” అని అడిగింది.

“ఎక్కడా లేదక్కా. మెట్ల కాడ పెడితే పులిసిపోయినాయి.”

“మా మిద్దె మీదికి తెచ్చుకోమని చెప్పు. ముందర చెట్టు అడ్డముండి మధ్యాన్నం దాకా ఎండే పడతాండ్లేదు. ఇప్పుడు పొద్దు పుట్టినప్పటినుంచీ ఎండే.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉండి ఉంటే దాన్ని పట్టుకునైనా నిలబడేదాన్ని.

ఇప్పుడు ఎండ కాసిన రోజున మా అత్త చీర చుట్ట చంకన పెట్టుకుని పక్కింటికి వెళుతుంది. బస్సుకు ముందు పిండి గిన్నె నేను మోసుకెళ్ళి ఇస్తాను. మొద్దు పక్కనుంచే మెట్లు. వాళ్ళిద్దరూ మిద్దె మీద గొడుగు వేసుకుని కాకులను తోలుతూ కూర్చుంటారు. ఆ మిద్దె మీద వేరే నీడ లేదు. మా ఆయన ఒకసారి వెళ్ళి క్షమించమని అడిగారు. ఆమె కాఫీ ఇచ్చి పంపించింది. వీధిలో తట్టల కథ చెప్పడం ఆయన మానేశారు.

మొదటి విడత సండిగలు అక్కే నూనెలో వేయించి, ఇంకా వేడిగా ఉండగానే పళ్ళెంలో పెట్టి గోడ మీదుగా అందించింది. అన్నం దగ్గర మా ఆయన ఒకటి కొరికారు. పూవులా విచ్చుకుని కరకరలాడింది.

“బాగా ఎండినాయే,” అన్నారు పొరపాటున.

“ఎండకుండా ఏమి,” అంది మా అత్త, పప్పు వడ్డిస్తూ. “ఆడ చెట్టు లేదు గదా.”

ఆయన కంచం మీంచి తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.